గంప దారిలో పరుగు

ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం. మధ్యలో పరుగు. చూసేవాళ్లకి పండగ, పరిగెత్తేవాళ్లకి పరీక్ష. ఆ దారి పక్కనే పుట్టి పెరిగిన ఓ ఆడపడుచుకి మాత్రం 21 కిలోమీటర్లలో అన్నిటికన్నా కష్టమైనవి ఓ మూడు వందల గజాలే!

"ఏటే గుంటా... ఎవుడు తరుముతున్నాడని ఈ పరుగు?"

అమ్మ అడిగిన ఈ ప్రశ్నకి ఆమె నాలుగు నెలలుగా జవాబు వెతుకుతూనే ఉంది. డాక్టరు చెప్పాడంది ఓసారి. ఆఫీసులో అందరూ పరిగెడుతున్నారంది ఇంకోసారి. రెండూ నిజమే. రెండూ అమ్మకి ఆనలేదు.

డిసెంబరు నెల. శనివారం మధ్యాహ్నం. విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో షామియానాలు వేశారు. మర్నాడు జరిగే పరుగుకి నంబర్లు పంచుతున్నారు. బీచ్‌ రోడ్డుకి ఇలాంటి పండగలు కొత్తేమీ కాదు. నేవీ మారథాన్‌ సంగతి అందరికీ తెలిసిందే. అది కాక చలికాలం వచ్చిందంటే చిన్నాపెద్దా పరుగులు జరుగుతూనే ఉంటాయి. ఇదీ అలాంటిదే. ఐదు కిలోమీటర్లు, పది, ఇరవై ఒకటి... ఎవరి ఓపికని బట్టి వాళ్లు పేరిచ్చుకోవచ్చు. శనివారం సాయంత్రానికే ఊళ్లోకి జనం దిగుతారు. హైదరాబాద్‌ నుంచీ భువనేశ్వర్‌ నుంచీ రాత్రి బండెక్కి వచ్చేవాళ్లుంటారు. పరుగొక వంక. అరకు కాఫీ తాగి, జలాంతర్గామి చూసి, కైలాసగిరి ఎక్కి, ఆదివారం పరిగెత్తి, సాయంత్రానికి తిరుగు రైలెక్కేస్తారు.

ఆమె వరుసలో నిలబడి నంబరు తీసుకుంది. ఓ టీషర్టు, నాలుగు పిన్నీసులు, బిబ్‌ అని పిలిచే నంబరు కాగితం. దాని వెనక చిన్న చిప్‌ అతికించి ఉంటుంది. పరుగు మొదలైన చోటా ముగిసే చోటా నేలమీద పరిచిన చాప దాటగానే ఆ చిప్‌ సమయాన్ని లెక్కగట్టేస్తుంది. ఎవరూ ఎవరినీ మోసం చేయలేరు.

ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్లు. బ్యాంకు ఉద్యోగం. భర్త లెక్చరరు. ఇద్దరు పిల్లలు. మధురవాడలో సొంత ఫ్లాటు. కిందటేడు బ్యాంకులో అందరికీ రక్తపరీక్షలు చేయించినప్పుడు ఆమెకి మూడు నెలల చక్కెర సగటు 6.2 వచ్చింది. 5.7 దాటితే ముందస్తు మధుమేహం, 6.5కి చేరితే మధుమేహమే. "మందులొద్దు. ముందు కాళ్లకి పని చెప్పండి" అన్నాడు డాక్టరు. అలా మొదలైంది. మొదటివారం రెండు నిమిషాలు పరుగు, మూడు నిమిషాలు నడక. నెల తిరిగేసరికి ఆగకుండా రెండు కిలోమీటర్లు. బ్రాంచిలో మరో ఐదుగురు జతకలిశారు. ఎవరో "హాఫ్‌ మారథాన్‌కి పేరిద్దామా?" అన్నారు. హాఫ్‌ అంటే సగమే కదా అనుకుంది ఆమె. 21 కిలోమీటర్లని తర్వాత తెలిసింది!

వాసన...

నంబర్లు తీసుకున్నాక ఆరుగురూ జలాంతర్గామి ఎదురుగా గోడమీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తింటూ మర్నాటి దారిని లెక్కేసుకున్నారు. కురుసుర దగ్గర్నుంచి ఉత్తరంగా... ఉడా పార్కు, లాసన్స్‌ బే, తెన్నేటి పార్కు ఎత్తు, జోడుగుళ్లపాలెం పల్లం, సాగర్‌నగర్‌, రుషికొండ వైపు వెళ్లి వెనక్కి.

"అంతా బాగుంటుంది కానీ, ఆ జాలరిపేట దగ్గర మాత్రం ముక్కు మూసుకుని పరిగెత్తాలి" అన్నాడు లోన్ల సెక్షన్‌ అతను. చెడ్డవాడేం కాదు. టీముకి టీషర్టులు కుట్టించింది అతనే. ఆమెకి పరుగు నేర్పింది కూడా ఒకరకంగా అతనే. అందరూ నవ్వారు.

ఆమె కూడా నవ్వింది.

ఆమె పుట్టింది పెదజాలరిపేటలో. బీచ్‌ రోడ్డుకీ సముద్రానికీ మధ్య ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డ ఇళ్లలో ఒకటి వాళ్లది. నాన్నది వేట. అమ్మది గంప. కాలేజీలో ఇంటర్‌ మొదటి ఏడు పక్కన కూర్చున్న అమ్మాయి ఓరోజు "ఏదో వాసనొస్తోంది" అని బెంచీ మారింది. అంతే. అంతకుమించి ఏమీ జరగలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె రెండుపూటలా స్నానం చేసి, పౌడరు రాసుకుని కాలేజీకి వెళ్లింది. డిగ్రీ అయింది, బ్యాంకు పరీక్ష పాసైంది, ప్రేమించినవాణ్ని పెళ్లి చేసుకుంది. మీ పుట్టిల్లెక్కడని ఎవరైనా అడిగితే మాత్రం ఇరవై ఏళ్లుగా ఒకటే మాట... "లాసన్స్‌ బే దగ్గర."

అబద్ధం కాదు. పెదజాలరిపేట పక్కనే లాసన్స్‌ బే కాలనీ. కానీ ఆ 'దగ్గర' అన్నమాట ఎన్ని మెట్లు ఎక్కిస్తుందో విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు.

సముద్రం వైపు కిటికీ లేని ఇల్లు

ఆదివారం తెల్లవారకముందే దారి మూసేస్తారు. మధురవాడ నుంచి రావడం ఇబ్బందని ఆ రాత్రి ఆమె అమ్మ దగ్గరే పడుకుంది. నాన్న పోయి పదేళ్లయింది. తమ్ముడు హార్బర్‌లో మరబోటు మీద పనిచేస్తాడు. వేటకెళితే వారం పైనే. అమ్మని తనతో వచ్చెయ్యమని ఎన్నిసార్లు పిలిచినా రాదు. "ఆ ఏడో అంతస్తులో నాకేటి పని?" అంటుంది.

అమ్మ నెత్తళ్ల ఇగురు వండి ఉంచింది. ఆమె కంచంలో పెరుగన్నం పెట్టుకుంది. పరుగుకి ముందురోజు రాత్రి కారం, నూనె, కొత్త తిండి... ఏవీ వద్దంటారు. పొట్టలో తేలిగ్గా అరిగే అన్నం ఉంటే చాలు.

"నీకోసమే వండేను."

"రేపు తింటానమ్మా."

అమ్మ ఇంకేమీ అనలేదు. ఇగురు గిన్నె మీద మూత పెట్టేసింది. ఆ మూత చప్పుడు మాత్రం కాస్త గట్టిగానే వినిపించింది.

ఆ ఇంటికి సముద్రం వైపు కిటికీ లేదు. ఉన్న ఒక్క కిటికీ రోడ్డు వైపే. ఉప్పుగాలికి ఊచలు తుప్పుపట్టి రాలిపోతున్నాయని నాన్న ఎప్పుడో అటువైపు కిటికీ మూసి గోడ కట్టేశాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ వచ్చినప్పుడు పైకప్పు లేచిపోయింది కానీ ఆ గోడ నిలబడింది. ఇదే రోడ్డు మీద, వంద గజాల అవతల అపార్ట్‌మెంట్లలో సముద్రం కనిపించే ఫ్లాటుకి ఒక ధర, కనిపించని ఫ్లాటుకి ఒక ధర. ఆ మాట చెబితే అమ్మ నవ్వింది.

"మీరు సముద్రాన్ని చూసుకుంటా పరిగెడతారు కాబోలు. మేం దాన్ని సూసేది ఎప్పుడో తెలుసా? బోటు రానప్పుడు."

ఆమెకి గుర్తే. ఓ తుపాను సమయంలో నాన్న రెండు రోజులు రాలేదు. అమ్మ, పిన్ని, ఇంకా పేటలో ఆడవాళ్లంతా ఒడ్డున కూర్చున్నారు. ఎవరూ మాట్లాడుకోలేదు. అందరూ ఒకవైపే చూస్తున్నారు. మూడోరోజు పొద్దున నాన్న రోడ్డు వైపు నుంచి నడుచుకుంటూ వచ్చాడు. బోటు కొట్టుకుపోయి భీమిలి అవతల ఒడ్డుకి చేరిందట. అమ్మ ఏడవలేదు. లేచి, చీర దులుపుకుని, గంప పట్టుకుని వెళ్లిపోయింది. అప్పటికే పొద్దెక్కిపోయింది మరి.

"రేపు ఎంత దూరం?" అడిగింది అమ్మ.

"ఇరవై ఒక్క కిలోమీటర్లు."

"అంటే?"

ఆమె ఆలోచించింది. "ఇక్కడ్నుంచి చినవాల్తేరు మీదుగా సిరిపురం, అప్‌ల్యాండ్స్‌ తిరిగి, ఎంవీపీ కాలనీ మీంచి ఇంటికొచ్చేదానివి కదా... అలా రెండుసార్లు."

"ఓస్‌, అంతేనా!" అంది అమ్మ. "గంపుంటాదా?"

ఆ రాత్రి ఆమెకి నిద్రపట్టలేదు. పరుగు ముందురాత్రి ఎవరికీ సరిగా పట్టదంటారు. ఆమెది వేరే లెక్క. అమ్మ రోజూ పది కిలోమీటర్లు నడిచిందనుకుందాం. ఇప్పుడైతే ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పట్లో కాస్త తక్కువ. ఆ రోజుల్లోనూ అమ్మ ఊరుకోలేదు, ఎండుచేపలు అమ్మింది. జ్వరాలూ పండగలూ తీసేసినా ఏడాదికి మూడు వందల రోజులు. అలా ముప్ఫై ఏళ్లు. మొత్తం తొంభై వేల కిలోమీటర్లు!

భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు. అంటే అమ్మ భూమిని రెండుసార్లు చుట్టొచ్చి మూడోసారి మొదలుపెట్టాక మోకాళ్లు అరిగి ఆగిపోయింది. నెత్తిమీద ఇరవై కిలోల గంపతో. కాళ్లకి హవాయి చెప్పులతో. ఒక్కరోజు కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పక్క గదిలో అమ్మ గురకపెడుతోంది. ఆమె నాలుగు నెలల్లో పరిగెత్తింది లెక్కేస్తే ఐదు వందల కిలోమీటర్లు. దానికే ఫేస్‌బుక్‌లో ఎన్ని ఫొటోలు పెట్టిందో!

చీకట్లో మొదలు

తెల్లవారుజామున ఐదున్నర. ఇంకా చీకటిగానే ఉంది. జలాంతర్గామి మీద దీపాలు. ఎదురుగా టీయూ-142 యుద్ధవిమానం రెక్కలు చాపుకుని నిలబడి ఉంది. వందల మంది అటూఇటూ గెంతుతూ, కాళ్లు చాపుతూ ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. మైకులో పాట. ఎక్కడ చూసినా నొప్పుల మందు వాసన. డిసెంబరైనా సముద్రపు గాలి జిడ్డుగానే ఉంది. తేమ ఎక్కువున్నచోట చెమట ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే తీరంలో పరిగెత్తేవాళ్లు మొదట్లో తొందరపడకూడదు. ఎంత హుషారుగా ఉన్నా కాళ్లని పట్టి ఉంచాలి.

పరుగు మొదలైంది. చాపమీద కాళ్లు పడుతుంటే చిప్‌లు కుయ్‌కుయ్‌మన్నాయి. ఆరుగురూ కలిసే ఉన్నారు. కుడివైపు సముద్రం కనిపించడం లేదు, వినిపిస్తోంది. ఉడా పార్కు దాటారు. ఇంకో మలుపు తిరిగితే...

ఆమెకి గొంతు తడారింది.

పేట దగ్గర దారికి అడ్డంగా బారికేడ్లు. వాటి అవతల పదిమంది ఆడవాళ్లు. చంకల్లో ఖాళీ బేసిన్లు, భుజాన చుట్టుకుదుర్లు. ఫిషింగ్‌ హార్బర్‌కి పోవాల్సినవాళ్లు. ఈ వేళకి రోజూ నలుగురైదుగురు కలిసి ఆటో ఎక్కి బీచ్‌ రోడ్డు మీదుగా వెళ్లిపోతారు. తెల్లారేలోపు అక్కడుంటేనే పాటలో మంచి చేప దొరుకుతుంది. ఆలస్యమైతే మిగిలిందేదో ఎత్తుకోవాలి. ఇవాళ దారి మూసేశారు. ఆటోలు రావు. చినవాల్తేరు దాకా ఎత్తు ఎక్కి, అక్కడ బండి పట్టుకోవాలి.

"అలా దాటడానికి లేదమ్మా, ఈవెంట్‌ అయ్యేదాకా ఆగాలి" అంటున్నాడు కుర్ర వలంటీరు. పాపం అతనికి చెప్పిన పని అదే.

"ఏటి బాబూ అయ్యేది? మీ పరుగు అయ్యేసరికి మా బేరం అయిపోద్ది" అంటున్న గొంతు ఆమెకి బాగా తెలుసు. పిన్నిది.

వీధిదీపం కింద పిన్ని తలెత్తి చూసింది. "ఒలే... అది మన గుంట కాదూ?"

ఆమె టోపీ కిందికి లాక్కుంది. అడుగు వేగం పెంచింది. పక్కన లోన్లతను ముక్కు మూసుకోలేదు. నిన్న అన్నమాట అతనికి గుర్తుకూడా లేదు. ఆమెకే గుర్తుంది.

మూడు వందల గజాలు. రెండు నిమిషాలు. పేట వెనక్కిపోయింది.

కొండా, ఎండా

లాసన్స్‌ బే దాటాక దారి పైకి లేస్తుంది. ఎడమన కైలాసగిరి, కుడిన తెన్నేటి పార్కు. 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్‌ సరకు ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఈ రాళ్ల మీదే ఎక్కింది. ఊరంతా తరలొచ్చి ఫొటోలు దిగారు. బీచ్‌ రోడ్డు మీద పరిగెత్తేవాళ్లని అసలు పరీక్షించేది ఈ ఎత్తే. ఇక్కడ ఆయాసపడి పరిగెత్తేకన్నా అడుగులు చిన్నవి చేసి, తల వంచి, చేతులు ఆడిస్తూ నెమ్మదిగా ఎక్కడం మేలు. కొందరు నడుస్తారు. అందులో తప్పేమీ లేదు.

ఎత్తు దిగుతుంటే తూర్పు తెల్లబడింది. జోడుగుళ్లపాలెం పల్లంలోకి వచ్చేసరికి ఆరూ ఇరవై. సముద్రంలోంచి సూర్యుడు పైకొచ్చాడు. ముందు ఓ ఎర్రటి గీత. తర్వాత సగం. తర్వాత మొత్తం. పరిగెత్తేవాళ్లలో సగం మంది ఆగిపోయి ఫోన్లు తీశారు. దూరంగా నీళ్లమీద నాలుగు ఫైబరు పడవలు నల్లటి చుక్కల్లా ఉన్నాయి.

"ఎంత బాగుందో!" అన్నారు పక్కన ఎవరో.

బాగుంది. నిజంగానే బాగుంది. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆమె ఈ సముద్రాన్ని ఇలా, ఏ భయమూ ఏ పనీ లేకుండా చూడటం ఇదే మొదటిసారేమో! ఆ పడవల్లో ఉన్నవాళ్లు ఎవరై ఉంటారా అని కూడా అనుకుంది. ఆ రెండూ ఒకేసారి అనిపించడం ఆమెకే కొత్తగా తోచింది.

సాగర్‌నగర్‌. కాస్త ముందుకెళ్లి రుషికొండ దారిలో వెనక్కి మలుపు. అక్కడ అరటిపండు ముక్కలు, నీళ్లు. రుషికొండ దాటి ఇంకా ముందుకెళితే తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. ఆ దారి అందం చూడాలంటే ఇంకెప్పుడైనా రావాల్సిందే. ఇప్పుడు మాత్రం వెనక్కి తిరగాలి.

వచ్చేటప్పుడు చల్లగా ఉన్న దారే తిరిగేసరికి మారిపోయింది. ఎండ ఎడమ చెంపమీద చుర్రుమంటోంది. పదమూడు, పద్నాలుగు... కిలోమీటర్ల బోర్డులు ఒకదానికొకటి దూరం జరుగుతున్నట్టున్నాయి. టీములో ముగ్గురు ముందుకెళ్లిపోయారు. ఇద్దరు వెనకబడ్డారు. అందులో ఒకరు లోన్లతను, పది అడుగుల వెనక వస్తున్నాడు. తెన్నేటి పార్కు ఎత్తు రెండోవైపు నుంచి ఎక్కుతుంటే ఆమె కుడి పిక్క పట్టేసింది. రెయిలింగ్‌ పట్టుకుని నిలబడింది. కళ్లు తిరిగాయి. దారిపొడవునా ఇచ్చిన నీళ్లన్నీ తాగింది. కానీ గంటల తరబడి చెమటపట్టినప్పుడు ఉత్త నీళ్లే తాగుతూపోతే ఒంట్లో ఉప్పు పలచబడిపోతుంది. తలతిరుగుడు, వికారం, మరీ ముదిరితే ప్రాణానికే ముప్పు. ఆ సంగతి ఆమె చదివింది. ఉప్పు ప్యాకెట్టు మాత్రం అమ్మ ఇంట్లోనే మర్చిపోయింది.

"మేడమ్‌, ఆపేద్దామా?" అన్నాడు లోన్లతను దగ్గరికొచ్చి.

"నడుద్దాం" అందామె.

నడిచారు. పద్దెనిమిదో కిలోమీటరు బోర్డు దాటింది. ముందు పేట కనిపిస్తోంది.

ప్లాస్టిక్‌ స్టూలు

అమ్మ రోడ్డు పక్కన ప్లాస్టిక్‌ స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. పాత నీలం చీర. కాళ్ల దగ్గర స్టీలు క్యాను, చేతిలో గ్లాసు. వచ్చే ప్రతి ఒక్కరి ముఖంలోకీ కళ్లు చికిలించి చూస్తోంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో! సముద్రం ఆమె వీపు వెనక ఉంది.

చేతులడ్డం పెట్టుకుని, వచ్చేవాళ్లని ఒక్కొక్కర్నీ చూస్తున్న ఆ చూపుని ఆమె ఇదివరకు చూసింది. ఒడ్డున. బోటు రానప్పుడు.

పక్కన లోన్లతను ఉన్నాడు. దాటిపోవాలంటే దాటిపోవచ్చు. టోపీ ఉండనే ఉంది. పొద్దున దాటిపోలేదూ? ఇంటర్‌ మొదటి ఏడు నుంచీ దాటిపోతూనే ఉంది. ఎవడు తరుముతున్నాడని అమ్మ అడిగింది. ఎవరూ తరమడం లేదు. పారిపోతున్నది తనే.

ఆమె టోపీ తీసేసింది.

"అమ్మా!"

"వచ్చేవా... ఇంతసేపా? మొహం ఏటే అలా పీక్కుపోయింది?" అమ్మ క్యానులోంచి గ్లాసులోకి వంచింది. తరవాణి. రాత్రి అన్నంలో నీళ్లుపోసి పులియబెట్టి, పొద్దున వడగట్టి ఉప్పేసింది. నాన్న వేట నుంచి వస్తే మొదట ఇచ్చేది ఇదే. "బేగి తాగు."

ఆమె ఒక్క గుక్కలో తాగేసింది. పుల్లగా, ఉప్పగా, చల్లగా దిగింది. రెండో గ్లాసు తాగాక తిరిగి చూసింది. లోన్లతను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అమ్మ వైపూ, వెనక ఇళ్ల వైపూ, ఆమె వైపూ చూస్తున్నాడు.

"మా అమ్మ" అందామె. "ఇదే మా ఇల్లు."

లాసన్స్‌ బే అనలేదు. దగ్గర అనలేదు.

అతని ముఖంలో ఏదో కదిలింది. నిన్నటి మాట ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఏదో అనబోయాడు. అమ్మ అంత వ్యవధి ఇవ్వలేదు. "నువ్వూ ఆ పరుగేనా బాబూ? రా, తాగు" అని అదే గ్లాసు తొలిచి, నింపి చేతికిచ్చింది.

"థ్యాంక్సమ్మా" అని రెండు చేతులా అందుకున్నాడు. మొత్తం తాగాడు. "ఇంకొంచెం ఉందా?" అన్నాడు.

నాలుగు నిమిషాలు ఆగారక్కడ. చిప్‌కి అది తెలియదు. అది ఆ నాలుగు నిమిషాల్నీ ఆలస్యం కిందే లెక్కేసింది. మిగిలిన దారి నడకా పరుగూ కలిపి పూర్తిచేశారు. రెండు గంటల యాభై రెండు నిమిషాలు.

"ఎన్నోదానివి?"

మధ్యాహ్నం ఆమె చల్లారిన నెత్తళ్ల ఇగురుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. మెడలో పతకం చూసి అమ్మ అడిగింది.

"ఎన్నోదానివొచ్చేవు?"

"ఎనిమిది వందల ఎంతో."

"మరి పతకం ఎందుకిచ్చేరు?"

"పూర్తిచేసినందుకమ్మా. పూర్తిచేసిన అందరికీ ఇస్తారు."

అమ్మ పతకాన్ని అరచేతిలో పెట్టుకుని చేప బరువు చూసినట్టు రెండుసార్లు ఎగరేసింది. "పూర్తిచేస్తే ఇస్తారేటి..." అని తనలో తను అనుకుంది. "అమ్మితే ఎంతొస్తాది?"

"ఏమీ రాదు."

"ఉట్టిదే అయితే."

సాయంత్రం పిన్ని వచ్చింది. ఆ రోజు చినవాల్తేరు దాకా నడిచి, ఆటో పట్టుకుని హార్బర్‌కి వెళ్లేసరికి పాట అయిపోయిందట. మిగిలిన కవ్వలు తెచ్చి సగం ధరకి అమ్ముకుంది. "పొద్దున పిలిస్తే పలకలేదేటే?" అంది నవ్వుతూనే.

"వినపడలేదు పిన్నీ" అనబోయి ఆగింది ఆమె. "వినపడింది" అంది.

పిన్ని ఆమెని కాసేపు చూసి, "పోన్లే... తిరిగొచ్చేటప్పుడు ఆగేవంట కదా" అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

సోమవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర లోన్లతను క్యారేజీ విప్పకుండా కూర్చున్నాడు. "మేడమ్‌, శనివారం నేనన్నమాట..." అన్నాడు.

"నేనూ నవ్వాను కదండీ" అందామె.

ఇద్దరికీ ఇంకేం మాట్లాడాలో తోచలేదు. కాసేపయ్యాక అతనే, "ఈ ఆదివారం మీ పిన్నిగారి దగ్గర వంజరం దొరుకుతుందంటారా?" అన్నాడు.

పరుగు జరిపినవాళ్లు మర్నాడు అభిప్రాయం రాయమని అందరికీ ఓ ఫారం పంపారు. నీళ్లు సరిపోయాయా, టీషర్టు బాగుందా, దారి నచ్చిందా అని ప్రశ్నలు. అన్నిటికీ బాగుందనే రాసింది. చివర ఖాళీ గడిలో మాత్రం ఇలా రాసింది: 'తెల్లవారుజామున పెదజాలరిపేట నుంచి హార్బర్‌కి వెళ్లే ఆడవాళ్లకి మీ దారి మూయడం వల్ల ఒకరోజు బేరం పోయింది. వచ్చే ఏడు ఆ ఒక్కచోట ఆటోలు దాటడానికి వీలివ్వండి. లేదా ముందురోజే వాళ్లకి చెప్పి, వేరే దారిలో బండి పెట్టండి. ఆ దారి వాళ్లది కూడా.' కింద పేరు రాసి, ఊరు అన్నచోట పెదజాలరిపేట అని పెట్టింది. పరిశీలిస్తామని జవాబొచ్చింది. చూడాలి.

పతకాన్ని ఆమె ఆ రోజు అమ్మ దగ్గరే వదిలేసి వచ్చింది. వారం తర్వాత వెళితే ఎక్కడా కనిపించలేదు. ఎవరికైనా ఇచ్చేసిందేమో అనుకుంది. నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళితే అక్కడ మేకుకి వేలాడుతోంది... అమ్మ పాత చుట్టుకుదురుతో కలిపి.

"ఉట్టిదే అన్నావుగా?" అందామె.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పలేదు.

"నీది కాదులే, నాది. నేనూ పూర్తిచేసేను కదా!"